పరిశోధన ప్రతిపాదన రచన: అనుబంధ చతుష్టయ దృష్టి

శాస్త్రగ్రంథారంభమున విషయము, ప్రయోజనము, సంబంధము, అధికారి అను నాలుగింటిని నిరూపించుట సంప్రదాయము. వీనికి అనుబంధ చతుష్టయమని పేరు. వేదాంతసారము వంటి ప్రకరణ గ్రంథమును పఠించిన ప్రతి విద్యార్థికి ఇది తొలినాటి పాఠము. ఈ పాఠమును దశాబ్దములుగా చెప్పుచున్న ప్రాచ్యకళాశాలాధ్యాపకుడు తన పరిశోధనకు ధనసహాయము కోరుచు ప్రతిపాదన వ్రాయవలసి వచ్చినపుడు మాత్రము ఆ నాలుగింటిని మరచి, విషయమాహాత్మ్యమును వర్ణించుటకు పూనుకొనుచున్నాడు. తాళపత్రములు అమూల్యములనియు, అవి నశించుచున్నవనియు, వానిని రక్షింపవలెననియు మూడు పుటలు వ్రాయును. ఏ గ్రామమునకు ఎన్ని దినములు పోవునో, ఏ ప్రశ్నకు సమాధానము వెదకునో ఒక్క వాక్యమైనను వ్రాయడు. ప్రతిపాదన తిరిగి వచ్చును. ఆ తాళపత్రములు నిజముగనే నశించును.

పరిశోధన ప్రతిపాదన అను రచనాప్రక్రియ ఆధునిక విశ్వవిద్యాలయముల నుండి వచ్చినదే. కాని అందు అడుగబడు ప్రశ్నలు మన శాస్త్రములకు క్రొత్తవి కావు. పాఠశాలలో చదివిన విద్వాంసుడు ఈ ప్రక్రియను నేర్చుటకు తన శిక్షణను విడిచిపెట్టనక్కరలేదు. దానిని ఇచ్చట ప్రయోగించిన చాలును. అతడు నిజముగా క్రొత్తగా నేర్వవలసినవి కాలము, ధనము, పరిమితి అను మూడు మాత్రమే. ఈ సంగతిని ఒక పూర్వోదాహరణముతోను, జనగామ జిల్లాలోని చిల్పూరు మండలమును ఆధారముగా గొని కల్పించిన ఒక నమూనా ప్రతిపాదనతోను వివరించుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశ్యము.

1. కావలి లక్ష్మయ్య విన్నపము

తెలుగువారిలో పరిశోధన ధనసహాయమునకు విన్నపము చేసి నిరాకరింపబడిన తొలితరము వారిలో కావలి వేంకట లక్ష్మయ్య ముఖ్యుడు. ఏలూరు ప్రాంతమువారైన కావలి సోదరులు కర్నల్ కాలిన్ మెకంజీకి దక్షిణదేశ చరిత్రాన్వేషణమున కుడిభుజములు. అగ్రజుడైన బొర్రయ్య 1803లో అకాలమరణము నొందగా ఆ భారము లక్ష్మయ్యపై పడినది. గ్రామగ్రామమునకు మనుష్యులను పంపి కైఫియత్తులను, శాసనప్రతులను, తాళపత్రములను సేకరింపజేసిన వ్యవస్థకు ఆయన చిరకాలము కేంద్రముగా నుండెను. 1821లో మెకంజీ మరణించెను. ఆ సేకరణకు హెచ్. హెచ్. విల్సన్ 1828లో వివరణపట్టికను ప్రకటించెను.

ఆ తరువాత మెకంజీ ఆరంభించిన అన్వేషణమును తానే కొనసాగింపగలనని, అందుకు సహాయము కావలెనని లక్ష్మయ్య ప్రభుత్వమును కోరెను. విషయము కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ అభిప్రాయమునకు వెళ్ళెను. దాని కార్యదర్శి జేమ్స్ ప్రిన్సెప్ 1836లో ఇచ్చిన నివేదిక ప్రతికూలముగా నుండెను. ఇంతటి విస్తృతకార్యమునకు విషయములను సామాన్యీకరించి చూడనేర్చిన నాయకమేధ కావలెననియు, లక్ష్మయ్య పంపిన సంగ్రహమును బట్టి చూచిన ఆయన గాని, మరి యే దేశీయుడు గాని దానికి చాలడనియు, ఇట్టివారు సహాయకులుగా మాత్రము ఉపకరింతురనియు దాని సారాంశము. పని విలియం టేలర్ అను క్రైస్తవ మతాచార్యునికి దక్కెను. ఆయన సిద్ధపరచిన మూడు సంపుటముల వివరణపట్టిక 1857 నుండి 1862 వరకు వెలువడెను.

ఈ నిరాకరణములో పాలకజాతి దురభిమానము ప్రత్యక్షముగా కనబడుచున్నది. "మరి యే దేశీయుడు గాని" అన్న తరువాత లక్ష్మయ్య ఎంత చక్కగా వ్రాసినను ఫలితము వేరొకటి కాదు. రచనాశిల్పము అన్యాయమును జయింపజాలదు. ఐనను ఆ నివేదికలో అడుగబడిన ప్రశ్నను దురభిమానము నుండి వేరుచేసి చూడవలసి యున్నది. "సామగ్రి నీ యొద్ద కలదు; కాని దానితో దేనిని నిర్ణయింతువు?" అనునదే ఆ ప్రశ్న. నేటి పరీక్షకుడు కూడ ఆ ప్రశ్ననే అడుగుచున్నాడు. దానికి సమాధానము చెప్పినవాడు అధికారి యగుచున్నాడు. చెప్పనివాడు పరుల పరిశోధనలో ప్రతులు చదివి పెట్టు సహాయకుడుగా మిగులుచున్నాడు. ఇతరులు నిర్వహించు ప్రణాళికలలో పాఠము చదువుట, లిపి గుర్తించుట, తప్పులు దిద్దుట పండితుని వంతు. ప్రశ్నించుట, నిర్ణయించుట మరొకరి వంతు అను విభజన పూర్తిగా తొలగలేదు. ప్రతిపాదన రచనాభ్యాసము ఈ విభజనను తొలగించుకొను మార్గములలో ఒకటి. దాని ప్రాముఖ్యము ధనలాభములో కంటె ఇందే యెక్కువ.

2. విషయము

విషయనిర్దేశములో సామాన్యముగా కనబడు దోషము అతివ్యాప్తి. "తెలంగాణ తాళపత్ర సంపద – ఒక పరిశీలన" అను శీర్షిక లక్షణవాక్యమైనచో తార్కికుడు దానిని క్షణమైనను నిలువనీయడు. ప్రతిపాదనలో మాత్రము తానే దానిని వ్రాయుచున్నాడు. ఒక అధ్యాపకుడు, ఒక సహాయకుడు, రెండు సంవత్సరములలోపు కాలము ఉన్నపుడు ఎంత భూమి నడువగలరో అంతయే విషయము.

చిల్పూరును తీసికొందము. ఇది పూర్వము వరంగల్లు జిల్లా స్టేషన్ ఘనపురము మండలములోనిది. 2016 అక్టోబరులో జిల్లాల పునర్వ్యవస్థీకరణము జరిగినపుడు జనగామ జిల్లాలో ప్రత్యేక మండలమైనది. ఇచ్చటి గుట్టపై వేంకటేశ్వరస్వామి ఆలయము ప్రసిద్ధము. పాల్కురికి సోమనాథుని నివాసముగా చెప్పబడు పాలకుర్తియు, పోతన జన్మస్థలముగా ప్రసిద్ధిగాంచిన బమ్మెరయు ఇదే జనగామ జిల్లాలోనివి. కావున ఈ ప్రాంతపు గృహములలోని వ్రాతప్రతులను గూర్చి ప్రశ్నించుట సహేతుకము.

ప్రశ్న ఎట్లుండవలెను? "చిల్పూరు ప్రాంతములోని తాళపత్రములను సేకరించుట" అనునది క్రియ, ప్రశ్న కాదు. పూర్వమీమాంసాధికరణమునకు విషయము తరువాత సంశయము కావలెను. సంశయమునకు రెండు కోటులుండవలెను. ఉదాహరణకు: "పోతన భాగవతము ఈ ప్రాంతపు గృహములలో సమగ్రగ్రంథముగా వ్రాయించి ఉంచుకొనబడినదా, లేక ప్రహ్లాదచరిత్ర, గజేంద్రమోక్షణము, రుక్మిణీకల్యాణము వంటి కథాభాగములుగా విడివిడిగా వ్రాయబడినదా?" ఇందు రెండు కోటులు కలవు. ప్రతులను చూచి నిర్ణయింపవచ్చును. నిర్ణయము ఏ పక్షమునకు వచ్చినను క్రొత్త జ్ఞానమే. భాగవతములో పంచమస్కంధమును గంగన, షష్ఠమును సింగన, ఏకాదశ ద్వాదశములను నారయ రచించినట్లు ప్రసిద్ధము. అనగా ఆ గ్రంథము ఆదినుండియు అనేకుల చేతులలో రూపొందినది. ప్రజలు దానిని ఏ రూపమున చేతికి తీసికొనిరన్న ప్రశ్నకు అందువలన బలము కలుగుచున్నది.

వ్రాతప్రతి అనగా ఏమో కూడ మొదటనే చెప్పవలెను. 2003లో ఆరంభమైన జాతీయ వ్రాతప్రతుల మిషన్, శాస్త్ర, చరిత్ర, కళా దృష్టులలో విలువగలిగి కనీసము 75 సంవత్సరముల ప్రాచీనత గల చేతివ్రాత గ్రంథమును వ్రాతప్రతిగా నిర్వచించినది. ఈ లక్షణమును గ్రహించినచో కాగితముపై వ్రాసిన పాత పుస్తకములు విషయములో చేరును. అచ్చుపుస్తకములు, శిలాముద్రణములు తొలగును. ఒక్క నిర్వచనము వలన పని సగము తేలికపడును. పాలకుర్తి, బమ్మెర గ్రామములు చిల్పూరు మండలములో లేవు గనుక వానిని చేర్చదలచినచో స్పష్టముగా చేర్చవలెను. పేరు గొప్పదని శీర్షికలో మాత్రము ఉంచరాదు.

3. ప్రయోజనము

ప్రయోజనమును తలపక మందబుద్ధి కూడ పనికి పూనడన్నది శాస్త్రజ్ఞులందరు ఎరిగినదే. కాని ప్రతిపాదనలలో ప్రయోజనము పేరిట ప్రశంస కనబడుచున్నది. "సంస్కృతి పరిరక్షణము" ప్రయోజనము కాదు, అది సద్భావము. ప్రణాళిక ముగిసిన నాడు చేతితో తాకి చూడగలిగినది ప్రయోజనము. పై ఉదాహరణములో: ప్రతుల వివరణపట్టిక యొకటి, ప్రతుల ఛాయాచిత్రములు, వానిని గ్రంథాలయమునందును యజమాని యొద్దను ఉంచుట, ప్రశ్నకు సమాధానమును నిరూపించు ఒక దీర్ఘవ్యాసము. ఈ నాలుగును లెక్కింపదగినవి.

ఇచ్చట సిద్ధసాధనమను దోషమును గుర్తింపవలెను. ఇతరులు సాధించినదానినే మరల సాధింపబూనుట వ్యర్థము. కావున పూర్వకృషి పరామర్శ అవసరమగుచున్నది. హైదరాబాదులోని ప్రభుత్వ ప్రాచ్యలిఖిత గ్రంథాలయము, తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాచ్యపరిశోధన సంస్థ, మెకంజీ, బ్రౌను సేకరణలకు నిలయమైన చెన్నై ప్రభుత్వ ప్రాచ్యలిఖిత గ్రంథాలయము – వీని పట్టికలను చూచి, ఈ ప్రాంతమునుండి వచ్చిన ప్రతులు ఏమైన కలవా అని పరిశీలింపవలెను. సంస్కృతగ్రంథములకైనచో మద్రాసు విశ్వవిద్యాలయము 1935లో చేపట్టిన న్యూ కేటలాగస్ కేటలాగోరం ఉండనే యున్నది. పాత పట్టికలలో చిల్పూరు జనగామ జిల్లా క్రింద దొరకదు. వరంగల్లు, ఘనపురము అను పేర్ల క్రింద వెదకవలెను. ఇట్టి చిన్న సంగతిని ప్రతిపాదనలో వ్రాసినచో, వ్రాసినవాడు పనిని నిజముగా తలపోసెనని పరీక్షకుడు గ్రహించును.

శాస్త్రగ్రంథమునకు, ప్రతిపాదనకు ఒక ముఖ్యభేదము కలదు. శాస్త్రకర్త సిద్ధాంతమును ఎరిగి పూర్వపక్షమును వ్రాయును. ప్రతిపాదకుడు సిద్ధాంతమును ఇంకను ఎరుగడు. కావున సిద్ధాంతస్థానమున నిర్ణయోపాయమును వ్రాయవలెను. "పోతన జన్మభూమి గనుక ఇచ్చటి పాఠమే ప్రామాణికమని నిరూపింపబడును" అని ముందుగనే వ్రాయుట దోషము. ప్రతులు ప్రయాణము చేయును. వియ్యమువెంట, విద్యార్థులవెంట, లేఖకులవెంట గ్రామములు దాటును. పుష్పికలో లేఖకుని పేరు, స్థలము, సంవత్సరము ఉన్న ప్రతులను వేరుచేసి, వానిని మాత్రమే స్థానికప్రతులుగా గ్రహింతుమని చెప్పుట నిర్ణయోపాయము.

ఒకవేళ ప్రతులేవియు దొరకనిచో? ఈ భయము వలన అనేకులు ప్రతిపాదనలో అతిశయోక్తులు వ్రాయుచున్నారు. భాట్టమీమాంసకులు అనుపలబ్ధిని ప్రమాణముగా అంగీకరించిరి. ఉన్నచో కనబడవలసిన చోట, కనబడదగిన రీతిని వెదకినను కనబడనపుడు అభావము నిశ్చితమగును. ఇన్ని గ్రామములు, ఇన్ని గృహములు, ఈ క్రమమున వెదకితిమి, భాగవతప్రతులు లేవు అని లెక్కతో చెప్పగలిగినచో అదియు ఫలమే. వెదకుట యోగ్యముగా జరిగెనని చూపుట ఒక్కటే నియమము. ఈ వాక్యమును ధైర్యముగా వ్రాసిన ప్రతిపాదన, వేల ప్రతులు దొరకునని వ్రాసినదానికంటె విశ్వసనీయము.

4. సంబంధము

సంబంధమనగా ఇచ్చట విషయమునకు, ధనమిచ్చు పథకమునకు గల పొందిక. 1956 చట్టముచే శాసనబద్ధమైన యు.జి.సి. కళాశాలాధ్యాపకుల లఘుపరిశోధనలకు చిరకాలము సహాయము చేసినది; ఆ పథకము పూర్వరూపమున ఇప్పుడు లేదు. కావున పాత దరఖాస్తును ముందుంచుకొని వ్రాయుటవలన లాభము లేదు. 1969లో ఏర్పడిన భారతీయ సామాజికశాస్త్ర పరిశోధన మండలి సమాజమునకు సంబంధించిన ప్రశ్నను ఆశించును. 1977లో ఏర్పడిన భారతీయ తత్త్వశాస్త్ర పరిశోధన మండలి దార్శనిక విషయములను పోషించును. 2020లో అఖిలభారత సాంకేతిక విద్యామండలిలో ఏర్పడిన భారతీయ జ్ఞానపరంపర విభాగము పోటీపద్ధతిని పరిశోధన ప్రతిపాదనలను ఆహ్వానించినది. వ్రాతప్రతుల సర్వేక్షణమునకు, సంరక్షణమునకు 2025 కేంద్ర బడ్జెటులో ఒక కోటికి పైగా ప్రతులను లక్ష్యముగా పేర్కొని జ్ఞానభారతం మిషన్ ప్రకటింపబడినది. విదేశములలో బ్రిటిష్ లైబ్రరీ 2004లో ఆరంభించిన ఎన్‌డేంజర్డ్ ఆర్కైవ్స్ ప్రోగ్రాం అపాయములోనున్న ప్రతుల ఛాయాకరణమునకు సహాయము చేయుచున్నది. అందు మొదట సంక్షిప్త దరఖాస్తు, అది నెగ్గిన పిదప విస్తృత దరఖాస్తు. మూలప్రతులు దేశము దాటరాదన్నది దాని నియమము.

ఒకే చిల్పూరు విషయము ఈ సంస్థలలో ఒక్కొక్కదాని యొద్ద ఒక్కొక్క ముఖముతో నిలువవలెను. వ్రాతప్రతుల పథకమునకు సర్వేక్షణము ప్రధానము, ప్రశ్న అంగము. సామాజికశాస్త్రమండలికి ఏ కులములవారు, ఏ వృత్తులవారు భాగవతమును వ్రాయించుకొనిరన్న ప్రశ్న ప్రధానము, సర్వేక్షణము అంగము. అంగాంగిభావమును తారుమారు చేయుట మోసము కాదు. వినియోగమును బట్టి అంగి మారుట మీమాంసకునకు తెలిసినదే. మోసమెక్కడ ననగా, చేయనిదానిని చేయుదునని వ్రాయుటలో. పథకముయొక్క ఆహ్వానపత్రమును విధివాక్యమువలె అక్షరమక్షరము చదువవలెను. పుటల సంఖ్య, చివరితేది, వయోనియమము, ప్రధానపరిశోధకుని అర్హత, కళాశాల పంపవలసిన అంగీకారపత్రము – వీనిలో ఒక్కటి లోపించినను విషయవిచారము వరకు పోకుండనే దరఖాస్తు తొలగింపబడును.

5. అధికారి

కావలి లక్ష్మయ్య విషయమున వివాదము ఈ యనుబంధమునందే వచ్చినది. నేటి దరఖాస్తులలో అధికారినిరూపణమునకు జీవితవివరపట్టిక యుండును. పండితులు అందు సన్మానములను, బిరుదములను, అధ్యక్షోపన్యాసములను నింపుదురు. పరీక్షకునకు కావలసినది అది కాదు. ఈ పనిని ఈయన చేయగలడా అన్నదే.

పాఠశాలాశిక్షణ ఇచ్చు సామర్థ్యములు కలవు. వానిని పేరుపెట్టి చెప్పవలెను. పాత తెలుగు వ్రాతలో తలకట్టులేని అక్షరములను, సంక్షేపములను చదువగలుగుట ఒకటి. యతిప్రాసలు చెడినచోట లేఖకదోషమును పసిగట్టి, గణభంగము ఎచట జరిగెనో చూపి, సరియగు పాఠమును ఊహింపగలుగుట మరియొకటి. ఛందస్సు కంఠస్థముగా గల విద్వాంసుడు ఒక పుట చదువుటలో గుర్తించు దోషములను యంత్రసహాయముతో చదువువాడు గుర్తింపకపోవచ్చును. "పండితుడు" అని వ్రాయుటకంటె "పద్యపాఠ దోషములను యతిప్రాసగణముల ఆధారమున వర్గీకరింపగలడు" అని వ్రాయుట బలవత్తరము. వీనికి నిదర్శనముగా పూర్వము సిద్ధపరచిన పట్టిక గాని, పరిష్కరించిన చిన్న గ్రంథము గాని చూపవలెను. లేనిచో ముందుగా ఒక గ్రామములో పది దినములు పనిచేసి, దొరికిన రెండు ప్రతుల వివరణమును నమూనాగా జతపరచవలెను.

లేని సామర్థ్యమును కూడ ఒప్పుకొనవలెను. ఛాయాకరణము, కంప్యూటరు పట్టిక, తాళపత్ర సంరక్షణ రసాయనములు తెలియనిచో తెలిసినవారిని సహపరిశోధకులుగా చేర్చుకొనుట గౌరవభంగము కాదు. యజ్ఞమున ఋత్విక్కులు అనేకులున్నను యజమానుడు ఒక్కడే. ప్రశ్న ఎవరిదో వారే ప్రధానపరిశోధకులు. ప్రతుల యజమానులు కూడ ఈ పనిలో అధికారులే. వారి లిఖితాంగీకారము, మూలప్రతి వారి యింటనే యుండునన్న హామీ, ఛాయాప్రతి యొకటి వారికిచ్చు ఒప్పందము ప్రతిపాదనలో ఉండవలెను. తాతగారి చేతివ్రాతను ఒకప్పుడు ఎరువుకు ఇచ్చి మరల చూడని కుటుంబములు కలవు. వారి సందేహము న్యాయమైనది.

6. కాలము, ధనము

శాస్త్రములో కాలమునకు గడువు లేదు. ధనమునకు లెక్క లేదు. పండితునకు నిజముగా క్రొత్తవి ఈ రెండే. ఐనను లెక్క కష్టమైనది కాదు. పై ప్రతిపాదనకు ఊహాపూర్వకముగా ఇట్లు వేయవచ్చును: గ్రామములు 12, గ్రామమునకు గృహములు 15, మొత్తము గృహములు 180. దినమునకు 3 గృహముల చొప్పున 60 దినములు. ప్రతులు 40 దొరకుననియు, ప్రతికి సగటున 120 ఆకులుండుననియు అనుకొన్నచో ఆకులు 4,800. ఆకునకు రెండు వైపులు గనుక ఛాయాచిత్రములు 9,600. దినమునకు 400 చొప్పున 24 దినములు. వివరణపట్టిక దినమునకు 2 ప్రతుల చొప్పున 20 దినములు. అందు 10 ప్రతుల పాఠభేదములను ప్రతికి 8 దినముల చొప్పున పరిశీలించుటకు 80 దినములు. మొత్తము 184 దినములు. పాఠములు చెప్పుకొనుచు నెలకు 10 దినములకు పైగా కేటాయించు అధ్యాపకునకు ఇది 18 నెలల పని. నాట్లు, కోతల దినములలో ఇండ్లలో ఎవరు నుండరు గనుక గ్రామపర్యటనము ఆ కాలములను తప్పించి వేయవలెను.

ఈ లెక్కనుండియే ధనపట్టిక పుట్టును. అరువది దినములు పర్యటనము గనుక ప్రయాణవ్యయము ఇంత. 24 దినములు ఛాయాకరణము గనుక ఛాయాగ్రాహకుని వేతనము ఇంత. ప్రతి యంకెకు హేతువుండవలెను. "వ్యయము – రెండు లక్షలు" అనుట ప్రతిజ్ఞ మాత్రమే. హేతూదాహరణములు లేని ప్రతిజ్ఞను న్యాయశాస్త్రము అంగీకరింపదు. తక్కువ అడిగినచో సులభముగా ఇత్తురన్న భ్రమ కూడ కలదు. చాలని ధనమునకు ఒప్పుకొన్నవాడు పనిని ఎరుగడని పరీక్షకుడు భావించును.

మంజూరైన ధనము వ్యక్తిది కాదు. కళాశాల పేరిట వచ్చును. 2017 సాధారణ ఆర్థిక నియమములను అనుసరించి వినియోగధ్రువపత్రమును 12-ఎ నమూనాలో సమర్పింపవలెను. వ్యయముకాని మొత్తమును తిరిగి చెల్లింపవలెను. దానిపై వచ్చిన వడ్డి కూడ ప్రభుత్వమునకే చెందును. రసీదులను తాళపత్రములతో సమానముగా భద్రపరచుట అలవాటు చేసికొనవలెను. పరిశోధన చక్కగా జరిగియు లెక్కలు సరిపడక తరువాతి విడత నిలిచిపోవుట లోకమున ఉన్నదే.

7. ఒక పూర్వపక్షము

ఇచ్చట పాఠశాలావిద్వాంసులలో కొందరి ఆక్షేపము వినదగినది. భాగవతమును రాజునకు అంకితమీయక శ్రీరామునకు సమర్పించెనని పోతన కీర్తి. ఆయన పుట్టినదిగా చెప్పబడు నేలపై పరిశోధనమునకు ప్రభుత్వమును యాచించుట తగునా? ధనమిచ్చువాని రుచిని అనుసరించి ప్రశ్నలు పుట్టినచో విద్య స్వతంత్రముగా నిలుచునా?

ఈ ఆక్షేపములో సత్యము కలదు. పథకములలో ఏ పదము ప్రచారములో నున్నదో చూచి దానిని ప్రతి వాక్యమునందు జొప్పించు ప్రతిపాదనలు పెరుగుచున్నవి. అట్లు వచ్చిన ధనముతో జరిగిన పనికి ఆయుష్షు తక్కువ. కాని సమాధానమిది: అంకితము వేరు, వ్యయము వేరు. పోతన నిరాకరించెననబడుచున్నది కృతిపై రాజునకు స్వామ్యమును. పరిశోధన ధనసహాయములో కృతిపై స్వామ్యము ఈయబడదు. ప్రయాణమునకు, ఛాయాచిత్రములకు అగు ఖర్చు మాత్రము ప్రజాధనమునుండి తీసికొని, ఫలమును ప్రజలకే సమర్పించుట జరుగుచున్నది. ఇది యాచన కాదు, సమయబంధము. అయితే దీనికొక నియమము కలదు. ఆహ్వానపత్రము వెలువడుటకు ముందే ప్రశ్న విద్వాంసుని మనస్సులో నుండవలెను. ధనము రాకున్నను నెమ్మదిగానైన చేయదలచిన పనికే ధనము కోరవలెను. ఈ పరీక్షకు నిలిచిన ప్రశ్న ఎవరి రుచికిని లొంగదు.

8. అభ్యాసక్రమము

ప్రతిపాదనరచన ఉపన్యాసము వినుటచేత రాదు. వాక్యార్థవిచారమువలె సభలో అభ్యసింపవలెను. ప్రాచ్యకళాశాలలలో సంవత్సరమునకు రెండుమారులు ప్రతిపాదన సదస్సు జరుపుకొనుట సాధ్యమే. ఒకరు తమ ప్రతిపాదనను చదువుదురు. మరియొకరు పూర్వపక్షి యగుదురు. వేరొక శాఖకు చెందిన అధ్యాపకుడు, చరిత్రాధ్యాపకుడైనను గణితాధ్యాపకుడైనను, మధ్యస్థుడుగా కూర్చుండును. ఆ మధ్యస్థునకు అర్థము కాని ప్రతి పదమును అక్కడనే మార్చవలెను. ఏలయన నిజముగా పరీక్షించువారిలో వ్యాకరణమెరిగినవారు ఒక్కరైన ఉందురన్న నియమము లేదు. దరఖాస్తు ఆంగ్లమునందో హిందీయందో కోరబడునపుడు, ముందు తెలుగులో ఆలోచనను నిలిపి, పిదప ఆ భాషలో క్రొత్తగా వ్రాయవలెను. సమాసములను ముక్కముక్కగా అనువదించినచో అర్థము నిలువదు.

నిరాకరణలేఖను కూడ పాఠ్యాంశముగా గ్రహింపవలెను. అందులో కారణములు చెప్పబడినచో అవి ఉచితముగా లభించిన పూర్వపక్షములు. ఒక్కొక్కదానికి సమాధానమును వ్రాసి, సమాధానము లేనిచోట ప్రణాళికను మార్చి, మరుసటి సంవత్సరము మరల పంపవలెను. లక్ష్మయ్యకు లభించినది "నీవు చాలవు" అన్న మాట. నేటివానికి "నీ ప్రశ్న స్పష్టముగా లేదు" అన్న మాట లభించుచున్నది. మొదటిది మనుష్యుని గూర్చినది, దానికి ప్రతిక్రియ లేదు. రెండవది వాక్యమును గూర్చినది, దిద్దుకొనవచ్చును. ఈ రెంటి నడుమ నున్న దూరము చిన్నది కాదు.

చిల్పూరు గుట్టపై స్వామిని భక్తులు బుగులు వేంకటేశ్వరస్వామి యని పిలుతురు. పెండ్లికై కుబేరుని యొద్ద చేసిన అప్పు తీర్చుటెట్లని బుగులు చెంది, స్వామి ఈ గుట్టపై తపస్సు చేసెనని స్థానికైతిహ్యము. ఋణము తీసికొన్నవానికి ఆ బుగులు ఉండుట మంచిదే. ప్రజాధనముతో పరిశోధనకు పూనుకొన్న విద్వాంసునకు లెక్క చెప్పవలెనన్న బుగులు, ప్రతుల యజమానులకు ఇచ్చిన మాట నిలుపుకొనవలెనన్న బుగులు, అడిగిన ప్రశ్నకు సమాధానము దొరకునో లేదో అన్న బుగులు మూడును ఉండవలెను. అడుగుటకు మాత్రము బుగులు పడనక్కరలేదు. నాలుగు అనుబంధములను నిరూపించి అడిగినవాడు సహాయకుడుగా కాక అధికారిగా అడుగుచున్నాడు.